ఎంగిలి దారం

రెండువేల మూడువందల పదకొండు ముళ్ల దాకా ఆకుపచ్చగా వెలిగిన దీపం, ఆ తర్వాతి ముడి దగ్గర పసుపురంగుకి తిరిగింది. నాట్‌స్కోప్ యంత్రం ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేసి మళ్లీ కదిలింది.

"రెండో మనిషి," అంది డాక్టర్ కాత్యాయని, కుర్చీలోంచి లేస్తూ. "ఈ బొంత ఒక్కతే కుట్టలేదు."

బల్ల మీద పరిచి ఉన్నది రెండువందల ఏళ్ల నాటి అతుకుల బొంత. అమెరికాలో అయోవా అనే చోట ఒక పల్లెటూరి నుంచి చీరాల లాబ్‌కి వచ్చింది. కాత్యాయనికి ముప్పై తొమ్మిదేళ్లు. చరిత్ర అంటే ఏలినవాళ్ల జాబితా కాదు, శ్రమించిన చేతుల జాడ అని ఆమె నమ్మకం. ఆ మాట లాబ్ గోడ మీద ఎర్రటి అక్షరాల్లో రాయించింది. లాబ్ ఊడ్చే చౌడమ్మ రోజూ ఆ అక్షరాల మీద దుమ్ము దులుపుతుంది.

యంత్రం చేసే పని తేలికగానే అర్థమవుతుంది. కుట్టేవాళ్లు దారం కొసను పెదవులతో తడుపుతారు, ముడి వెయ్యడానికి వేలు తడుపుకుంటారు. ఆ తడి ముడి లోపల చిక్కుకుపోతుంది. అక్కడికి గాలి వెళ్లదు, వెలుగు వెళ్లదు. నాట్‌స్కోప్ ముడి విప్పకుండానే అందులోకి వెంట్రుక కంటే సన్నని గొట్టం దింపి ఆ ఎంగిలిలోని డీఎన్ఏ చదువుతుంది. దారంలోని కార్బన్ కొలిచి అది ఏనాటి దారమో కూడా చెబుతుంది.

ఈ ఆలోచన కాత్యాయనికి ఊరికే రాలేదు. ఆరేళ్ల క్రితం, మగ్గం మూలబడి లాబ్‌లో ఊడ్చే పనికి చేరిన చౌడమ్మ, ఆమె కోటు గుండీ కుడుతూ అంది: "ఎంగిలి చెయ్యకుండా సూదిలోకి దారం ఎక్కిద్దా, డాక్టరమ్మా?" అంతే, యంత్రం పుట్టింది. పేటెంట్ కాగితంలో దాన్ని 'ఒక స్థానిక మహిళ సూచన' అని రాశారు.

సాయంత్రం ఐదింటికి తెర మీద లోరెట్టా విట్‌కోంబ్ కనిపించింది. ఎనభై మూడేళ్ల రైతు. అనువాద యంత్రానికి చీరాల మాటలతోనే తర్ఫీదు ఇవ్వడంతో ఆవిడ అచ్చం పేరాల వీధి అరుగు మీద కూర్చున్నట్టే మాట్లాడుతుంది.

"రిపోర్టు వచ్చింది అమ్మాయ్. మూడుసార్లు చదువుకున్నా."

మధ్యలో ఎవరూ మార్చకుండా ఉండాలని రిపోర్టు యంత్రం నుంచి నేరుగా సొంతదారుకే వెళ్తుంది. ఆ నియమం పెట్టింది కాత్యాయనే.

లోరెట్టా వంశంలో మొదటి రైతు జోసయా విట్‌కోంబ్. ఆ రోజుల్లో జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవారు. సమాధి రాయి మీద కూడా 'జోసయా విట్‌కోంబ్, మరియు భార్య' అని మాత్రమే ఉంది. ఈ బొంత కుట్టింది ఆ భార్యే. ఆయన రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. దగ్గరి ఇల్లు పదకొండు మైళ్ల దూరమనీ, మంచు కురిసినన్నాళ్లూ తన భార్య గోడతో మాట్లాడుతోందనీ అందులో ఉంది.

"చిన్నప్పట్నించీ ఆ గోడే నాకు కలలోకొచ్చేది," అంది లోరెట్టా. "ఆమెకి తోడు ఎవరన్నా ఉన్నారా అనే నా బెంగ. ఉన్నారు. తొమ్మిది ముళ్లు. అదీ మీ సముద్రం ఒడ్డు నేతగాళ్ల వంశం మనిషి అంట. ఎట్టా వచ్చిందో ఏమో, వచ్చి పక్కన కూర్చుంది. అది చాలు నాకు."

కాత్యాయని ఒళ్లు పులకరించింది. ఖండాలు దాటిన శ్రామిక స్త్రీల స్నేహం. ఏ పుస్తకానికీ ఎక్కని ఐక్యత.

వెనక నేల తుడుస్తున్న చౌడమ్మ తల ఎత్తింది. "తొమ్మిది ముళ్లా? ఎడం పక్క మూలేనా?"

"అవును. నీకెలా తెలుసు?"

"నిన్న పరిచేటప్పుడు ఆ మూల చిరిగుంది గదా. నేనే కుట్టా."

కాత్యాయని నాట్‌స్కోప్‌ను ఆపేసింది. "నిన్నెవరు కుట్టమన్నారు? ఆ దారం రెండువందల ఏళ్ల నాటిదని యంత్రం చెబుతోంది."

"దాని అంచులోంచే ఒక పోగు లాక్కున్నా. వేరే దారం వేస్తే అతుకు కనపడదూ? చిరిగింది చూసి చేతులు ఊరుకుంటాయా, ఏందమ్మా."

కాత్యాయనికి కోపం వచ్చింది. మూడు క్షణాలకి ఆ కోపం ఎవరి మీదో తెలియక తిరిగి తన మీదికే వచ్చింది. బొంతను ముట్టుకునే ప్రతి ఒక్కరి డీఎన్ఏ ముందే తీసి, యంత్రం లెక్కలోంచి మినహాయించాలి. ఆ జాబితా తెరిచి చూసింది. డాక్టర్ కాత్యాయని. డాక్టర్ ఇమ్మానుయేలు. టెక్నీషియన్ షరీఫా. ముగ్గురికీ నమూనాలు ఉన్నాయి. నాలుగో వరుసలో, తను స్వయంగా టైప్ చేసినది: 'మరియు ఊడ్చే మనిషి'. దానికి నమూనా లేదు.

గోడ మీద ఎర్రటి అక్షరాలు దుమ్ము లేకుండా మెరుస్తున్నాయి.

నోరు మూసుకుంటే చాలు. ముసలావిడ సంతోషంగా ఉంటుంది, యంత్రం పేరు పాడవదు. అయినా అబద్ధం మీద కట్టిన ఓదార్పు కూడా దోపిడీయే అనుకుంది కాత్యాయని. తెర వైపు తిరిగి అంతా చెప్పేసింది.

"అయితే ఆ చలికాలం ఆమె ఒక్కతే ఉంది," అంది లోరెట్టా.

"అవునండీ."

"ఆ కుట్టినావిడని పిలువు."

చౌడమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి నిలబడింది. "తప్పయితే విప్పేస్తానమ్మా."

"విప్పొద్దు," అంది లోరెట్టా. "కాస్త ఆలస్యంగా వచ్చావు, అంతే."

"పిలిస్తే ముందే వచ్చేదాన్ని," అంది చౌడమ్మ.

లోరెట్టా నవ్వింది, కళ్లు తుడుచుకుంది. సమాధి రాయి కొత్తగా చెక్కిస్తున్నానని, ఈవిడ పూర్తి పేరు కావాలని అడిగింది.

కాత్యాయని చౌడమ్మ వైపు తిరిగింది. ఆరేళ్లలో ఎప్పుడూ అడగలేదు. "చౌడమ్మగారూ, మీ ఇంటిపేరేంటి?"

"ఏం, పోలీసు రిపోర్టా?" అంది చౌడమ్మ. కాత్యాయని ముఖం చూసి మెత్తబడింది. "గుత్తి."

జూన్‌లో ఫొటో వచ్చింది. నాట్‌స్కోప్ ఎంత వెతికినా ఆ భార్య వంశం చెప్పగలిగిందే గాని, పేరు చెప్పలేకపోయింది. కొత్త రాయి మీద ఇలా ఉంది: 'జోసయా విట్‌కోంబ్. బొంత కుట్టిన అతని భార్య, పేరు దొరకలేదు. ఆ బొంత బాగుచేసినది చీరాల గుత్తి చౌడమ్మ.'

కాత్యాయని అది చదివి వినిపించింది. చౌడమ్మ ఫొటో దగ్గరగా పట్టుకుని చూసింది.

"రాయి చుట్టూ గడ్డి పెరిగింది చూడు," అంది. "పీకమని చెప్పు ఆ పెద్దావిడకి."