ఎడమ రెప్ప లెక్క

పరీక్షకు తొమ్మిది రోజులుందనగా బసవపున్నయ్య చేతిలో ఉన్నవి మూడే: ఒక పాత రోగకవచం, గోడ మీద సుద్దముక్కతో గీసిన ఆరు వందల పన్నెండు గీతలు, ఒకే ఒక్క అవకాశం మిగిలిన మేనకోడలు.

కవచం అతని ఒంటి మీదే ఉంది. మెడ నుంచి నడుము దాకా చర్మానికి అతుక్కునే పలుచని పొర అది. మీట నొక్కితే ఒళ్ళు కాలుతుంది, కళ్ళు పచ్చబడతాయి, ఊపిరితిత్తులు గురగురలాడతాయి. ఇంకోసారి నొక్కితే ఏమీ ఉండదు. నిజమైన రోగుల మీద విద్యార్థులు చెయ్యి వేయకూడదని చట్టం వచ్చి పందొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి వైద్యవిద్య అంతా కవచం తొడుక్కున్న వేషరోగుల మీదే నడుస్తోంది. చివర్న జాతీయ అనుజ్ఞా పరీక్ష. వేషరోగిని చూసి ఒకే ఒక్క జవాబు చెప్పాలి. అది సరైనదైతే కుడి అరచేతిలో ముద్ర నాటుతారు. ఆసుపత్రిలో మందుల అర గానీ, యంత్రం గానీ, సూదుల పెట్టె గానీ ఆ ముద్రను చూస్తేనే తెరుచుకుంటుంది. మూడుసార్లు తప్పినవాళ్ళ చెయ్యి జన్మంతా ఖాళీయే.

"చూడండయ్యా" అంటూ బసవపున్నయ్య మీట నొక్కుకున్నాడు. అతని ఎడమ రెప్ప నాలుగుసార్లు అదిరింది.

"కాలేయం!" ముప్ఫై గొంతులు ఒక్కసారిగా అన్నాయి. అతని కళ్ళు పసుపెక్కింది ఆ తరవాతే.

"భేష్. కళ్ళు పచ్చబడేదాకా ఆగినోళ్ళు ఎవరైనా ఉంటే ఇంటికెళ్ళి గేదెల్ని కాసుకోండి."

"మగాడికి ఎడమ కన్నదిరితే కీడంటారు గదా సార్?" వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు.

"కీడు ఎవరికయితే నీకేందిరా? నీకు ముద్రొస్తది."

బసవపున్నయ్య వైద్యుడు కాడు. గుంటూరులో ముప్ఫై ఏళ్ళు మిర్చి కమీషన్ వ్యాపారం చేసినవాడు. బస్తా మూతి దగ్గర ఎర్రటి కాయలు పెట్టి అడుగున రంగు పోయిన తాలు కాయలు దాచడం అందరికీ తెలిసిన విద్యే. అందుకే అతను కాయను చూసేవాడు కాదు, కుట్టు చూసేవాడు. ఒకసారి విప్పి మళ్ళీ కుట్టిన బస్తాకు సూది రంధ్రాలు రెండు వరసలుంటాయి. సరుకు అబద్ధమాడినా కుట్టు ఆడదని అతని నమ్మకం. సరుకు చూసే పని యంత్రాల పాలయ్యాక, ఒకరోజు టీ దుకాణంలో సాధన చేసుకుంటున్న వేషరోగి పక్కన కూర్చుని కవచం కుట్టును కనిపెట్టాడు. రోగం తెచ్చే ముందు అది మెడనరాన్ని మీటుతుంది. అప్పుడు ఎడమ రెప్ప అదురుతుంది. రోగానికో లెక్క. తయారుచేసినవాళ్ళకే తెలియని ఆ ఇరవై నాలుగు లెక్కలూ రాసుకుని ఎనిమిదేళ్ళ కిందట ఈ శిక్షణాలయం పెట్టాడు. ముద్ర పడ్డ ప్రతి విద్యార్థికీ గోడ మీద ఒక గీత. అతని దగ్గర నేర్చుకుని తప్పినది ఒక్కరే. ఆ ఒక్కరూ చనిపోయిన చెల్లెలి కూతురు సౌగంధి. ఇప్పుడు కూడా అందరితో పాటు అరవనిది ఆ పిల్లే.

"ఏమే, నా మొహం ఇక్కడుంటే నువ్వు యాడ చూస్తన్నావు?"

"నీ ఎడమ పిక్క వాచింది మావయ్యా. కవచం కాలిదాకా రాదుగదా. ఇది నిజం వాపు."

తరగతి గొల్లుమంది.

"నా పిక్క పరీక్షలో రాదు తల్లీ. రెండుసార్లు ఇట్టా దిక్కులు చూసే తప్పావు. ఈసారీ తప్పితే ఆ చెయ్యి పచ్చడి కలుపుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

"తెలుసు" అంది సౌగంధి. తెలుసు కాబట్టే ఆ తొమ్మిది రోజులూ అద్దం ముందు పెట్టుకుని ఇరవై నాలుగు లెక్కలూ వల్లె వేసింది.

పరీక్షలో ఆమెకు వచ్చిన వేషరోగి నలభై ఏళ్ళ స్త్రీ. రెప్ప నాలుగుసార్లు అదిరింది. కాలేయం. మాట సౌగంధి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మనిషిని తాకకుండా రోగం పేరు చెప్పడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. నాడి చూసింది, పొట్ట నొక్కింది, చంక కింద వేళ్ళు పెట్టింది. అక్కడ రేగిపండంత గడ్డ, రాయిలా, కదలకుండా ఉంది. కవచం వేడి తేగలదు, రంగు తేగలదు, చప్పుడు తేగలదు. గడ్డను తేలేదు.

వేషరోగితో మాట్లాడితే అనర్హత. ఆమె పేరూ ఊరూ రహస్యం. పరీక్ష నడిపే వైద్యమండలి చదివేది జవాబు ఒక్కటే. ఆమెకు కబురు చేరాలంటే దారి ఆ జవాబే.

"రొమ్ము క్యాన్సర్" అంది సౌగంధి. "ఈమెకి చెప్పండి."

వారానికి ఫలితం వచ్చింది. ప్రశ్నలో లేని రోగం, సున్న. ఆ స్త్రీకి ఎవరైనా చెప్పారో లేదో తెలియలేదు. జవాబు పత్రంలో అందుకు గడి లేదు.

"ఆమె నీకు చుట్టమా?" అడిగాడు బసవపున్నయ్య.

"కాదు."

"మరెందుకే చేజేతులా చెయ్యి తగలేసుకున్నావు?"

"గడ్డ నా వేళ్ళ కిందే ఉంది మావయ్యా. లేదని ఎట్టా అనేది?"

"అయితే రేపట్నుంచి ఆ వేళ్ళతో చీపురు పట్టుకో."

అతను ఊరికే అనలేదు. మర్నాటి నుంచి ఆమె తరగతి గది ఊడ్చింది, బెంచీలు తుడిచింది. కొత్త విద్యార్థులు కాళ్ళు పైకెత్తి దారి ఇచ్చేవారు. పరీక్షలో లేని రోగం ఏదైనా చెప్పమని ఆటపట్టించేవారు.

రెండు నెలలు తిరక్కముందే ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో బసవపున్నయ్య రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. మీట నొక్కలేదు. విద్యార్థులు రెప్పకేసి చూస్తూ జవాబు కోసం తడుముకుంటున్నారు. సౌగంధి చీపురు పడేసి అతని కవచం పీకేసి ఆటోలో వేసుకుంది.

"పిక్కలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తిలోకి పోయింది. ఒక్క సూది చాలు మావయ్యా. ఊపిరి పీల్చు."

పెద్దాసుపత్రిలో ఉన్నది డాక్టర్ మస్తాన్‌వలి. బసవపున్నయ్య మొదటి జట్టు విద్యార్థి, గోడ మీద మొదటి గీత.

"సార్! మళ్ళీ పరీక్ష పెట్టడానికొచ్చారా?" అంటూ నవ్వుతూ వంగి ఎడమ రెప్పకేసి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. నవ్వు ఆగింది. ఇంకో ముగ్గురు వైద్యుల్ని పిలిచాడు. ముగ్గురూ ఆ గోడ మీది గీతలే. నాలుగు తలలు ఒక్క కన్ను మీదికి వంగాయి.

"అదరలేదు."

"నాకూ కనపడలా."

"రోగం లేదు సార్ మీకు. నీరసం అంతే."

ఎనిమిదేళ్ళుగా ఆ జిల్లాలో జరుగుతున్నది ఇదే. రెప్ప అదరనివాళ్ళందరినీ రోగం లేదని ఇంటికి పంపారు. కంట్లో నలుసు పడ్డవాడికి కామెర్ల మందు పోశారు. పోయినవాళ్ళ కాగితం మీద 'కారణం లేని మరణం' అని రాశారు. జిల్లాలో రోగాలు సగానికి తగ్గాయని మండలి ఏటా బహుమతి కూడా ఇస్తోంది. ఆ వార్త చదివి బసవపున్నయ్య మిఠాయి పంచిన సందర్భాలున్నాయి.

"ఊపిరితిత్తిలో గడ్డ అది. కావాలంటే ఆ పిక్క చూడండి!" అని అరిచింది సౌగంధి.

"ముద్ర లేనిదాని మాట మీద అర తెరిస్తే నా ముద్ర పోద్దమ్మా. ఈ గదిలో మాటలన్నీ మండలి వింటానే ఉంటది." మస్తాన్‌వలి గొంతులో కోపం లేదు, భయం ఉంది. "అయినా సారు నేర్పిందే గదా. రెప్ప అదరకపోతే రోగం లేదు."

బసవపున్నయ్య పెదవులు నల్లబడుతున్నాయి. నలుగురు వైద్యులు, నాలుగు ముద్రలు, పక్కనే మందుల అర. కుట్టు లేని బస్తాను వీళ్ళెవరూ కొనరని అతనికి అర్థమైంది. ఇలాంటి బేరం అతనికి కొత్త కాదు. కొనేవాడు కుట్టే చూస్తానంటే కుట్టు వేసి చూపడమే. పదిహేడో లెక్క గుర్తు చేసుకుని, ఉన్న సత్తువంతా ఎడమ రెప్పలోకి తెచ్చుకున్నాడు. మూడుసార్లు అదిరించాడు. ఆగాడు. మళ్ళీ రెండు.

"ఊపిరితిత్తిలో గడ్డ!" నలుగురూ పిల్లల్లా కేక వేశారు. నాలుగు అరచేతులు అర మీద పడ్డాయి.

పది రోజులకు ఇల్లు చేరిన బసవపున్నయ్య మొదట అన్న మాట, "అమ్మాయ్, ఆ చీపురు పడేయ్."

శిక్షణాలయం అదే, గది అదే, వచ్చేవాళ్ళు మారారు. వెనక గుమ్మంలోంచి రోగులు వస్తారు. సౌగంధి తాకి చూసి రోగం చెబుతుంది. బసవపున్నయ్య అద్దం ఇచ్చి ఆ రోగం లెక్క నేర్పుతాడు. నేర్చుకున్నవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళి మస్తాన్‌వలి ముందు రెప్ప అదిరిస్తారు.

"అవ్వా, అదిరించమంటే కన్ను కొడతన్నావేందే? డాక్టరు పారిపోతాడు!"

"అరవయ్యేళ్ళ కిందట కొడితేనే ఎవడూ పారిపోలేదు, ఇప్పుడు పారిపోతాడా!" అంది ఉబ్బసం ముసలమ్మ, ఎగశ్వాసతోనే.

అవ్వ బతికింది. ఎదురు గోడ మీద బసవపున్నయ్య కొత్త గీతలు మొదలుపెట్టాడు. బతికినవాళ్ళకు ఒక్కోటి. నెలన్నరలో నలభై ఒకటయ్యాయి.

నలభై రెండోది మరియకుమారి అనే ఆమె ఒళ్ళో వచ్చింది. ఐదు నెలల మగపిల్లాడు. కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కాసేపు కీచుమంటాడు, కాసేపు వాడిపోతాడు. గుడ్డ మీద జిగురుతో కలిసిన నెత్తురు. సౌగంధి పొట్ట మీద వేళ్ళు పెట్టి ఎంతో సేపు తీయలేదు.

"పేగులోకి పేగు దూరింది. గాలి పంపి వెనక్కి నెట్టే యంత్రం ఆసుపత్రిలో ఉంది. అరగంట పని. ఆలస్యమైతే దక్కడు."

బసవపున్నయ్య అలవాటు కొద్దీ అద్దం అందుకున్నాడు. సగంలో ఆగి, దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"నేర్పండయ్యా" అంది మరియకుమారి. "ఎంతసేపైనా ఎత్తుకుని కూర్చుంటా. మావాడు చురుకైనోడు. చిటికేస్తే ఇటు చూస్తాడు."

ముగ్గురూ పిల్లాణ్ణి తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. గురువు వచ్చాడని మస్తాన్‌వలి అన్ని పనులూ ఆపి గంటసేపు ఆ కన్ను మీదికి వంగి నిలబడ్డాడు. ఏడ్చినప్పుడు రెండు కళ్ళూ మూసుకుపోయాయి, ఏడుపు ఆగినప్పుడు రెండూ తెరుచుకున్నాయి.

"అదరలేదు సార్. పిల్లోడికి రోగం లేదు."

"అది అబద్ధంరా! నేను నేర్పిందంతా కవచం కుట్టేరా, రోగం కాదురా!"

"సార్, గదిలో అట్టా మాట్లాడొద్దు" అన్నాడు మస్తాన్‌వలి చేతులు జోడించి. "పిల్లలుగలోణ్ణి. నా ముద్ర తీయించకండి."

సౌగంధి వెళ్ళి యంత్రం మీద తన కుడి అరచెయ్యి పెట్టింది. అది మేలుకోలేదు. ఎడమది పెట్టింది. రెండూ పెట్టింది. కాపలావాళ్ళు వచ్చి భుజాలు పట్టుకుని వెనక్కి లాగేదాకా అలాగే నిలబడింది.

మర్నాడు పిల్లాడు పోయాడు. కాగితం మీద 'కారణం లేని మరణం' అని రాసి మస్తాన్‌వలి ముద్ర వేశాడు.

ఆ సాయంత్రం బసవపున్నయ్య సుద్దముక్క పట్టుకుని కొత్త గోడ ముందు నిలబడ్డాడు. నలభై ఒక్క గీతలు.

"వీణ్ణి ఎక్కడ వేసేదే?" అన్నాడు.

సౌగంధి అతని చేతిలోంచి సుద్ద తీసుకుంది. వెనక్కి తిరిగి పాత గోడ దగ్గరికి నడిచింది. ఆరు వందలు దాటిన ఆ విద్యార్థుల గీతలకు కింద ఒక చిన్న గీత గీసింది. సుద్దను మళ్ళీ అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"పోయినవాళ్ళలో నాకు తెలిసింది వీడొక్కడే మావయ్యా. మిగతావాళ్ళను నువ్వు వెయ్యి."