హేమావతి వినని సెమినార్

ఆదివారం పొద్దున్నే వంకాయ కూర దించి, హేమావతి చెప్పుల్లో కాళ్లు పెట్టింది. అంతవరకూ పంటి బిగువున ఊరుకున్న అత్తగారు జయలక్ష్మమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"కిష్ణగిరి నుంచి ఆడబిడ్డ వస్తాందని తెలిసీ యాడికి పోతాండావమ్మా?"

"కాలేజీలో సెమినార్ అత్తమ్మా. బెంగుళూరు నుంచి పెద్దోళ్లు వస్తారు."

"దాంట్లో నువ్వు మాట్లాడతావా?"

"లేదు. ఏర్పాట్లన్నీ నా నెత్తినే ఉండాయి."

"మాట్లాడేది లేకుంటే నీకు ఆడ ఏం పని? ఈ నెలతో ఆ ఉద్యోగం మానుకో. తిలక్ సంపాదన చాల్దా?"

హేమావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాఠం చెప్పడమంటే ఆమెకు ప్రాణం. తల్లి ఒక మాట అంటే భర్త తిలక్ కాదనడని కూడా ఆమెకు తెలుసు. కళ్లు తుడుచుకుని బయల్దేరింది.

హోసూరు చలి ఎండెక్కితే తగ్గుతుంది. జయలక్ష్మమ్మ కోపం మాత్రం ఎండతోపాటే పెరిగింది. మధ్యాహ్నం కూతురు ప్రేమ వచ్చి "వదిన యాడమ్మా?" అనేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది. కోడల్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తానని కొడుకు వెనక స్కూటరెక్కి కాలేజీకే వెళ్లింది.

కోడలు వేదిక మీద లేదు, కుర్చీల్లోనూ లేదు. చివరికి హాలు వెనక వసారాలో కనిపించింది. కరెంటు పోతే జనరేటర్ అతన్ని బతిమాలుతోంది. అంతలోనే ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దాయనకు కారం పడదంటే పెరుగన్నం కలిపి పంపింది. ఆ తర్వాత అడుగంటిన గిన్నె గీకి, నిలబడి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అత్తను చూసి బెదిరిపోయింది.

"అత్తమ్మా! మీరు తిన్నారా?"

జయలక్ష్మమ్మ కోపం నోటిదాకా వచ్చి ఆగింది. "లోపల దేన్ని గురించి చెప్తాండారు?"

"రాగుల పంట గురించి. ఇష్టమని నేనే ఎంచుకుంటిని. పొద్దుట్నుంచీ ఒక్క ముక్క వినలేదు."

జయలక్ష్మమ్మకు పాత రోజొకటి గుర్తొచ్చింది. తిలక్ పెండ్లి తమ ఇంటి ముందే పందిరేసి చేశారు. అన్నం చాలదేమోనని ఆమె పొయ్యిల దగ్గరే ఉండిపోయింది. మేళం గట్టిగా మోగినప్పుడు అక్కడి నుంచే దండం పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎవరూ అడగలేదు.

"నీ మెళ్లో తాళి పడేది నేను చూడలేదమ్మా. సాంబారు కాడ ఉంటిని."

హేమావతి అన్నం అంటిన చేత్తోనే అత్తను పట్టుకుని ఏడ్చేసింది. జయలక్ష్మమ్మ కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"ఉద్యోగం ఇడిసేది లేదు. ప్రేమకు నేను చెప్పుకుంటా. తిని, పోయి లోపల కూర్చో. కాఫీ సంగతి నేను చూస్తా. ఆ పొద్దు నాకీ మాట చెప్పేవాళ్లు లేకపోయిరి."