నాయనమ్మ పొడుగు చెయ్యి

"కొలబద్దా, ఆ కుంచె ఇలా ఇవ్వమ్మా!" అని తాతయ్య తన గదిలోంచి కేకేశాడు.

మనవరాలు వంటింట్లోంచి కంచం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"కుంచె అన్నాను తల్లీ, కంచం కాదు! సరేలే, రంగులు ఇందులోనే వడ్డించుకుంటా."

తాతయ్య చిత్రకారుడు. ఆయన బొమ్మల్లో పోస్ట్‌మాన్ కాళ్ల సందులోంచి బస్సు దూసుకుపోతుంది. దర్జీ కంటే దర్జీగారి పిల్లి లావుగా ఉంటుంది. మనవరాలికేమో అన్నీ కొలిచినట్టుండాలి. అందుకే ఆ ముద్దుపేరు.

ఇప్పుడు స్టాండు మీదున్నది నాయనమ్మ బొమ్మ. ఆవిడ పోయాక తాతయ్య వేసిన మొదటి బొమ్మ అదే. మేడ మీద కిటికీలో నాయనమ్మ నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి గోడ వెంట కిందికి, ఇంకా కిందికి దిగి, వీధిలో స్కూలుబ్యాగుతో ఉన్న పిల్లాడి తల దువ్వుతోంది. సాయంత్రం అత్తా మామయ్యా దాన్ని చూడ్డానికి వస్తున్నారు.

తాతయ్య టీ పెట్టుకోవడానికి వెళ్లాడు.

"అయ్యో, ఈ చెయ్యి చూస్తే అందరూ తాతయ్యని ఆటపట్టిస్తారు" అనుకుంది కొలబద్ద. కంచంలో తాతయ్య గోడ కోసం కలిపిన బూడిదరంగు తీసి, మోచేతి నుంచి కిందికంతా పులిమేసింది. కిటికీ దగ్గరే బుల్లి అరచెయ్యి వేసింది. అంటే, నాయనమ్మ చెయ్యి మీదే చెయ్యి చేసుకుందన్నమాట!

ఆ రోజు పెందలాడే ఆఫీసు నుంచి వచ్చిన నాన్న బొమ్మ ముందు ఆగిపోయాడు.

"అమ్మ చెయ్యేదే?"

"సరిచేశా నాన్నా. అంత పొడుగు చెయ్యి ఎవరికైనా ఉంటుందా?"

"మా అమ్మకుండేది." నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "తల దువ్వుకోకుండా బడికి పారిపోయేవాణ్ణి. అమ్మ కిటికీలోంచి దువ్వెన ఊపుతూ, 'ఒరేయ్ పిచ్చుకగూడూ!' అని అరిచేది. వీధి చివరున్నా సరే, నా చెయ్యి దానంతటదే తల మీదికి పోయేది. అచ్చం అమ్మే దువ్వుతున్నట్టు..."

నాన్న చెయ్యి ఇప్పుడూ తల మీదికి పోయింది. పాపం, అక్కడ దువ్వడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

కొలబద్ద నవ్వలేదు. కళ్లు నిండిపోయాయి. "తాతయ్యా, నాయనమ్మ చెయ్యి ఇంక రాదా?"

గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డ తాతయ్య గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత దగ్గరికొచ్చి, నూనెలో తడిపిన గుడ్డ కొలబద్దకిచ్చాడు.

"నేను వేసిన చెయ్యి ఎప్పుడో ఆరిపోయింది. నీ రంగు ఇంకా పచ్చిగానే ఉంది. పని చెయ్యి దాటిపోలేదులే. మెల్లగా తుడువు, ఆవిడకి చక్కిలిగింత ఎక్కువ."

ఊపిరి బిగబట్టి తుడిచింది. మణికట్టు వచ్చింది, దువ్వెన వచ్చింది, పిల్లాడి జుట్టూ వచ్చింది. మోచేతి దగ్గర మాత్రం బూడిదరంగు మరక ఉండిపోయింది.

సాయంత్రం బొమ్మ చూడగానే మామయ్య పగలబడి నవ్వాడు.

"ఏంటి మామయ్యగారూ, అత్తయ్యగారి చెయ్యి ఇంత పొడుగైపోయింది? కొలత తప్పారా?"

తాతయ్య నోరు తెరిచేలోగా కొలబద్ద అందరి ముందుకీ వచ్చింది.

"కొలత తప్పింది నేను మామయ్యా. మోచేతి మీద ఆ మరక నాదే. చెయ్యేం పొడుగు కాదు. నాన్నే అంత దూరం పారిపోయాడు!"