ముక్కుతో చూసిన ఓజోన్

వచ్చిన మొదటి రోజే ఆమె రిజిస్టరులో నా గది పక్కన ఎర్ర పెన్నుతో 'ఫెయిల్' అని రాసింది. ఆపరేషన్ థియేటర్‌లో ఓజోన్ మిషన్ నడిపి క్రిముల్ని చంపడం నా పని. అవి నిజంగా చచ్చాయో లేదో క్రిములు పెరిగే ప్లేట్లు గదిలో పెట్టి చూడటం ల్యాబ్‌కి కొత్తగా వచ్చిన ఆమె పని. పెద్ద సర్జన్ చేతులు కడుక్కోకపోయినా రాసిపడేసే రకం. అందరూ ఆమెని 'తనిఖీ' అనేవారు. నేనూ అనేవాణ్ణి, కాకపోతే మనసులో, రోజుకి పదిసార్లు.

మూడో వారం. మిషన్ ఆపి గంటయింది. ఓజోన్ మనిషి ఊపిరితిత్తుల్నీ కాల్చేస్తుంది కాబట్టి, అది పోయిందని మీటరు చూపిస్తేనే తలుపు తీయాలి. ఆరేళ్లుగా నేను మీటరు ముట్టలేదు. తలుపు సందులో వాసన చూస్తే చాలనుకునేవాణ్ణి. ఆ రోజూ చూశాను, ఏ వాసనా లేదు. తలుపు తీశాను.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయి, ఘాటు ఇంకా ఉందంది. నాకు ఒళ్లు మండింది. ఈసారి గది పాసవుతుందని తెలిసి వంక పెడుతోందనుకున్నాను. ప్లేట్లు నేనే పెట్టొస్తానని విసురుగా లోపలికి నడిచాను.

నాలుగడుగులు వేశానో లేదో, వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగింది. నాకోసం తనూ లోపలికి వచ్చేసింది. ఇద్దరం బయటపడి తలుపు మూసేసరికి ఆమెకి దగ్గు తెర వచ్చింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మీటరు తీసి తలుపు సందులో పెట్టాను. ఉండాల్సినదానికి అయిదు రెట్లుంది. రోజూ పీల్చి పీల్చి నా ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. నాకే తెలియలేదు.

డాక్టరు వచ్చి చూసి, ప్రమాదం లేదన్నాడు, కాసేపు బయటి గాలిలో ఉండమన్నాడు. రోజుకి పదిసార్లు మనసులో ఆమె పేరు తలుచుకున్నది కోపంతో కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె రిజిస్టరు అడిగింది. నేనివ్వలేదు. మీటరు చూడకుండా తలుపు తీశానని, తప్పు నాదేనని నేనే రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోవడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఆమె అది చదివి నావైపు తిరిగింది.

"నేను రాసేదాన్నిగా. మీకెందుకంత తొందర?"

"మీరు రాయరేమోనని భయమేసింది," అన్నాను. "నాకోసం మీరు ఒక్క తప్పు వదిలేసినా, రేపు మీ మొహం చూడలేను. మీరంటే నాకు ప్రాణం."

ఆమె కళ్లు తుడుచుకుంది, దగ్గువల్లో మరి దేనివల్లో.

"అంతా సరిగ్గానే ఉందని రాద్దామనే రిజిస్టరు అడిగాను," అంది నెమ్మదిగా. "నా జీవితంలో మొదటిసారి."