ముందు మీరు వెళ్లండి

ఆ ఉదయం సోరెన్ చేసింది పెద్ద నేరమేమీ కాదు. తన పికప్ బండిని రెండు వరుసలకీ మధ్య, గీత మీదికి తెచ్చి నిలిపాడు, అంతే. ఆ ప్రాంతంలో అది ఒక రకంగా పుణ్యకార్యం కింద లెక్క.

టూ హార్బర్స్ నుంచి డులూత్‌కి సరస్సు వెంబడి వెళ్లే రోడ్డు మీద ఎడమ వరుస మూసేసి రిపేర్లు చేస్తున్నారు. మిన్నెసోటాలో ఉన్నవి రెండే కాలాలు, ఒకటి చలికాలం, రెండోది రోడ్డు రిపేర్ల కాలం అని అక్కడివాళ్లే చెప్పుకుని నవ్వుకుంటారు. ముందు ఎడమ వరుస మూసి ఉందని బోర్డు కనిపించడమే ఆలస్యం, మైలు దూరం నుంచే అందరూ బుద్ధిగా కుడి వరుసలోకి మారిపోయి బారులు తీరతారు. ఎడమ వరుస పెళ్లయిపోయిన పందిరిలా బోసిగా పడి ఉంటుంది.

ఆ ఖాళీ వరుసలోంచి ఎవడైనా ఝామ్మని చివరిదాకా వెళ్లి అక్కడ దూరాడంటే వాడు దొంగే. వాణ్ణి ఎవరూ తిట్టరు, హారన్ కూడా కొట్టరు. కడుపులో ఉడికిపోతారు, అంతే. మరీ ఓపిక నశించినవాడు సోరెన్‌లా గీత మీదికి జరిగి దారి మూస్తాడు.

ఆ రోజు దారి మూసుకుపోయింది ఒక చిన్న పసుపు కారుకి. అందులోని అమ్మాయి ఒకసారి హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. బారులో ఉన్నవాళ్లంతా ఇదేం చోద్యమన్నట్టు తలలు తిప్పారు. ఆమె కారు ఆపి, దిగి, విసవిసా నడిచొచ్చి సోరెన్ కిటికీ అద్దం మీద కొట్టింది.

"బండి పక్కకి తియ్యండి."

సోరెన్ అద్దం దించాడు. నీలం యూనిఫాం, ముఖమ్మీద పడుతున్న ఉంగరాల జుట్టు, దాన్ని వెనక్కి తోసుకునే తీరిక కూడా లేనంత కోపం.

"అందరూ వరుసలో వెళ్తున్నారండీ," అన్నాడు.

"ఇది కూడా వరుసే. ఆ బోర్డు చదివారా? రెండు వరుసలూ చివరిదాకా వాడుకోండి, అక్కడ ఒకరి తర్వాత ఒకరు కలవండి అని రాసుంది. మీ రోడ్ల శాఖవాళ్లే రాశారు."

"అవునండీ, అలాగే రాశారు."

"మరి?"

"మేం అలా చెయ్యమండీ."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఇంతకన్నా అమాయకమైన జవాబు ఆమె పుట్టిపెరిగిన న్యూజెర్సీలో ఎప్పుడూ విని ఉండదు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగి వెళ్లి కారులో కూర్చుంది. సోరెన్ చెవులు ఎర్రబడ్డాయి. బండి పక్కకి తీశాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సూప్ వేడి చేసుకుంటుంటే అతనికి ఒక సంగతి తట్టింది. ఒక మనిషి అంత దగ్గరగా నిలబడి, తన కళ్లలోకి చూస్తూ మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. తిట్టడానికే కావచ్చు, అయినా తన కోసమే వచ్చి నిలబడింది.

సోరెన్ ఇళ్లని వెచ్చగా ఉంచే బాయిలర్లు బాగుచేస్తాడు. రోజంతా ఎవరిదో ఒక ఇంటి నేలమాళిగలో ఒంటరిగా ఉంటాడు. పైన ఎవరో నడుస్తుంటారు, పిల్లలు నవ్వుతుంటారు, అతనికి అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మూడేళ్ల కిందట బిర్గిట్ అనే అమ్మాయి సోరెన్ ఇంట్లో అతనితో ఉండేది. మినియాపోలిస్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతుంటే ఉండమని అడగలేదు. అడిగితే ఆమెను ఇబ్బంది పెట్టినట్టవుతుందని పెట్టె మోసుకెళ్లి బస్సులో పెట్టి వచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే.

మర్నాడు వరుసలు కలిసే చోట, నారింజరంగు పీపాలు అడ్డంగా పెట్టిన దగ్గర, సోరెన్ బండి ఆపి పసుపు కారుకి దారి ఇచ్చాడు. ఆమె చెయ్యి కిటికీలోంచి మోచేతి దాకా బయటికి చాపి ఊపింది. అతను ఆ ఊరి పద్ధతిలో స్టీరింగ్ మీదనుంచి ఒక్క వేలు పైకెత్తాడు. నడివేలైతే అది బూతు కాబట్టి, ఆమె అద్దంలో అది ఏ వేలో జాగ్రత్తగా చూసుకుని గాని శాంతించలేదు.

మూడో రోజూ అంతే. ఆ తర్వాత సోరెన్ ఇంట్లోంచి కాస్త ముందుగానో కాస్త ఆలస్యంగానో బయల్దేరడం మానేశాడు. ఎప్పుడు బయల్దేరితే పసుపు కారు తగులుతుందో అప్పుడే బయల్దేరేవాడు.

ఒక వారం తిరిగేసరికి ఆమె ఖాళీ వరుసలో దూసుకుపోవడం మానేసింది. అతని బండి పక్కనే, అతను ఎంత నెమ్మదిగా కదిలితే అంత నెమ్మదిగా, కిటికీలు దించుకుని కబుర్లు చెబుతూ వచ్చేది. పేరు నాడీన్ అని, డులూత్‌లో ఒక వృద్ధాశ్రమంలో కాలో తుంటో విరిగినవాళ్లకి మళ్లీ నడక నేర్పుతుందని, వసంతంలోనే ఇక్కడికి వచ్చిందని చెప్పింది. ఆమె కారు అలా నెమ్మదిగా పక్కన వస్తుంటే వెనక వచ్చిన కార్లు కూడా ఆగక తప్పేది కాదు. అలా ఎడమ వరుస కూడా నిండింది, బారు సగానికి తగ్గింది, చివర్లో ఒకటి విడిచి ఒకటి చక్కగా కలిసిపోయేవి. రోడ్ల శాఖవాళ్లు తమ బోర్డు పనిచేసిందని మురిసిపోయారు.

ఒక రోజు వాన. ఇద్దరూ తడుస్తూనే కిటికీలు దించారు. నాడీన్ మొదటిసారి దిగులుగా మాట్లాడింది. ఇక్కడ అందరూ మంచివాళ్లేనట, నవ్వుతారట, మంచులో కారు ఇరుక్కుంటే దిగొచ్చి తోస్తారట. ఎక్కడికి దారి అడిగినా చెబుతారు, వాళ్ల ఇంటికి తప్ప. వసంతం నుంచి ఇప్పటిదాకా ఒక్క ఇంటి గడప తొక్కలేదంది. ఆదివారాలు టూ హార్బర్స్‌లో ఒక బేకరీ మీద తన అద్దె గదిలో కూర్చుని కింద తలుపు గంట ఎన్నిసార్లు మోగిందో వింటూ ఉంటుందట.

సోరెన్‌కి ఏమనాలో తోచే లోపే ఆమె తేరుకుంది.

"ఈ ఆదివారం మీరు రండి భోజనానికి. మా అమ్మమ్మ చేసినట్టు టమాటా గ్రేవీ చేస్తాను. పొద్దుటినుంచి మరగాలి అది."

సోరెన్ గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం పుట్టినప్పటినుంచి నేర్చిన మాటే అంది.

"అబ్బే, ఎందుకండీ, మీకు శ్రమ."

ఇక్కడ సోరెన్‌ని తప్పు పట్టకూడదు. వాళ్లలో ఎవరైనా పిలిస్తే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి, కాస్త మెత్తగా. మూడోసారి, మీరు ఇంతగా అంటున్నారు కాబట్టి అని ఒప్పుకోవాలి. మొదటి పిలుపుకే సై అన్నవాణ్ణి వాళ్లు మొహం వాచినవాడంటారు. మన మొహమాటం వాళ్ల మొహమాటం ముందు చిన్నపిల్ల.

అతను రెండో పిలుపు కోసం ఆశగా చూశాడు. నాడీన్ ముఖంలో వెలుగు తగ్గింది. "సరే," అంది. పీపాల దగ్గర అతను దారి ఇచ్చాడు, ఆమె వెళ్లిపోయింది.

మర్నాడైనా అడుగుతుందనుకున్నాడు. మర్నాడు ఆమె పక్కన ఆగలేదు, పాత రోజుల్లోలా చివరిదాకా దూసుకుపోయింది. ఆదివారం ఉదయం సోరెన్ గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికీ పిలుపు లేదని అతనికీ తెలుసు. మధ్యాహ్నం దాకా ఆ చొక్కాతోనే కిటికీ దగ్గర కూర్చున్నాడు. సరస్సు మీద ఒక పెద్ద ఓడ ఎంతసేపటికీ కదలనట్టు కదులుతోంది. తర్వాత చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, రేడియో పెట్టాడు.

ఆ సాయంత్రం ఫార్గోలో ఉన్న అక్క ఇడా ఫోన్ చేసింది. తమ్ముడి గొంతు విని విషయం రాబట్టడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

"ఒరేయ్, ఆ పిల్ల మన వైపుది కాదురా. వాళ్లు వద్దంటే వద్దనే, అవునంటే అవుననే. నువ్వు ఆమె మొహమ్మీద తలుపేశావు."

"అలా అనుకోలేదక్కా."

"నువ్వెప్పుడూ అనుకోవు. బిర్గిట్ విషయంలోనూ అనుకోలేదు. ఈసారి నువ్వే పిలువు. ఆమె ఏ మాటంటే దానికి అదే అర్థమని గుర్తు పెట్టుకో."

పిలవాలనే అనుకున్నాడు. అయితే పీపాల దగ్గర దారి ఇచ్చే ఆ క్షణంలో ఏం పిలుస్తాడు? ఆమె చెయ్యి ఊపడం కూడా తగ్గించేసింది. రేపు, రేపు అనుకుంటుండగానే ఆకులు పండి రాలడం మొదలైంది. ఒక ఉదయం చూస్తే బారు వెనకవైపు పీపాలు లారీలోకి ఎక్కిస్తున్నారు. పని అయిపోయింది. జెండా పట్టుకున్న పనివాడిని అడిగితే మధ్యాహ్నానికి మొత్తం తీసేస్తామన్నాడు.

రేపటినుంచి రెండు వరుసలూ తెరుచుకుంటాయి. అందరూ అరవై మైళ్ల వేగంతో పోతారు. ఎవరూ ఎవరికీ దారి ఇవ్వక్కర్లేదు. నాడీన్ ఫోన్ నంబరు అతనికి తెలియదు, ఇంటిపేరు తెలియదు. బేకరీ మీద గది తెలుసు గాని, పిలవని ఇంటి మెట్లెక్కే మనిషి కాదతను. ఈ పీపాలు తప్ప వాళ్లిద్దరినీ కలిపి ఉంచింది ఏదీ లేదు.

కలిసే చోటికి వచ్చేసరికి పసుపు కారు పక్కన ఆగి ఉంది. దారి ఇస్తాడని ఆమె చూస్తోంది. సోరెన్ బండి ఆపేసి దిగాడు. అతని వెనక అర మైలు బారు. ఆ పసుపు కారుని తప్ప ఎవరినీ ఎప్పుడూ ఆపనివాడు అంతమందినీ ఆపి ఆమె కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎవరూ హారన్ కొట్టలేదు. అందరూ మర్యాదగా సరస్సు వైపు చూశారు.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. అడవి బియ్యంతో సూప్ చేస్తాను. నైఫ్ రివర్‌లో, చేపల దుకాణం వెనక, ఆకుపచ్చ తలుపు," అన్నాడు. అతని జీవితంలో ఊపిరి తీసుకోకుండా చెప్పిన మాట అదొక్కటే.

నాడీన్ కళ్లు మెరిశాయి. తల వంచుకుంది.

"అబ్బే, ఎందుకండీ, మీకు శ్రమ," అంది.

వద్దంటే వద్దనే. అక్క మరీ మరీ చెప్పింది. "సరేనండీ," అని సోరెన్ వెనక్కి వచ్చి బండెక్కాడు. కళ్లు మండుతున్నాయి. అయినా అలవాటు తప్పలేదు, ముందు మీరు వెళ్లండి అని చెయ్యి చూపించాడు.

ఆమె కదలలేదు. మీరే వెళ్లండని తను చెయ్యి చూపించింది. అతను మళ్లీ చూపించాడు. ఆమె మళ్లీ చూపించింది. రెండు వరుసలూ స్తంభించిపోయాయి. చివరికి వెనకనుంచి ఎవరో, ఆ పనికి వాడెంత బాధపడి ఉంటాడో గాని, చిన్నగా హారన్ కొట్టాడు.

ఆ చప్పుడుతో నాడీన్‌కి తిక్క రేగింది. కిటికీలోంచి సగం బయటికి వచ్చింది.

"ఏమయ్యా, వెళ్లిపోతావేం? ఇంకా రెండుసార్లు అడగాలి కదా."

సోరెన్ అయోమయంగా చూశాడు. "మీరు వద్దన్నారండీ."

"మొదటిసారి వద్దనాలట. మా ఆశ్రమంలో ఎల్వీరా మామ్మ చెప్పింది. ఒక్కసారి పిలిస్తే మీకది పిలుపే కాదట కదా. నేను ఒక్కసారే పిలిచానని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ పిలుద్దామంటే నీ మొహం చూసి ధైర్యం చాల్లేదు. కనీసం నువ్వు పిలిచినప్పుడైనా పద్ధతిగా ఉందామనుకుంటే, నువ్వేమో సరేనని పోతున్నావు."

"మీవాళ్లు వద్దంటే వద్దనే అర్థమని మా అక్క చెప్పింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి కోసం ఒకరు మారిపోయి, ఒకరినొకరు దాటి అవతలికి వెళ్లిపోయారు. నాడీన్ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మరి అడుగు," అంది.

"ఆదివారం రండి."

"వద్దులెండి," అంది మెత్తగా, ఎల్వీరా మామ్మ నేర్పిన స్వరంలో.

మూడోసారి అడగబోతే సోరెన్‌కి సూప్ గుర్తు రాలేదు, మర్యాద గుర్తు రాలేదు.

"రా నాడీన్. ఆ బల్ల దగ్గర మూడేళ్లుగా ఒక్కణ్ణే తింటున్నాను. ఇంక నా వల్ల కావడం లేదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

మీరు ఇంతగా అంటున్నారు కాబట్టి అనే మాట ఆమె నేర్చుకునే వచ్చింది. అది నోటికి రాలేదు. కళ్లు తుడుచుకుంది.

"వస్తాను," అంది. "ఇంక వెళ్లు. పాపం, వాళ్లంతా సరస్సు చూసి చూసి అలిసిపోయి ఉంటారు. ముందు నువ్వే వెళ్లు."

సోరెన్ మారు మాట్లాడకుండా ముందు వెళ్లాడు. పీపాలు దాటాక రోడ్డు విశాలమైంది, డులూత్ దాకా రెండు వరుసలూ ఖాళీ. అతను ఉండుండి అద్దంలోకి చూసుకున్నాడు. ఎవరి వెనకా ఉండలేని ఆ పసుపు కారు ఊరు వచ్చేదాకా అతన్ని దాటి వెళ్లలేదు.