పరగడుపు ఊపిరి

ప్రొఫెసర్ ప్రేమ్‌చంద్‌కి రోజూ ఉదయం రెండు అలవాట్లు. ఒకటి ఫిల్టర్ కాఫీ. రెండోది, కాఫీ తాగగానే తాను తయారుచేసిన యంత్రంలోకి ఒకసారి ఊదడం.

తుళ్లూరు దగ్గరి ల్యాబ్‌లో ఉన్న ఆ యంత్రం పేరు శ్వాస. మనిషి ఊదిన గాలిని సెన్సార్లతో వాసన చూసి, ఊదినవాడెవడో గుర్తుపడుతుంది. వాడి కిడ్నీలు ఎంతవరకు పాడయ్యాయో కూడా చెప్పేస్తుంది. సూది లేదు, రక్తం లేదు.

ఆ రోజు గొట్టం చివర సయనైడ్ పూసి ఉంది. ప్రొఫెసర్ ఊదాడు, పెదవులు తడుపుకున్నాడు, కుర్చీతో సహా వెనక్కి పడిపోయాడు. కాళ్లు ఇంకా కొట్టుకుంటుండగానే తెర వెలిగింది.

'ప్రేమ్‌చంద్. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నాయి.'

పోలీసులు వచ్చేసరికి శవం ఉంది, యంత్రం లేదు.

* * *

గుంటూరు చుట్టుగుంటలో ఒక మిర్చి కమీషన్ కొట్టు ఉంది. దాని పై అంతస్తులో గూఢచారుల డిపార్ట్‌మెంట్ ఆఫీసు. కింది ఘాటుకి తుమ్మీ తుమ్మీ సగంమంది మెట్ల దగ్గరే వెనక్కి తిరుగుతారు. దేశ రహస్యాలకి ఇంత చవకైన కాపలా ఇంకోటి లేదని చీఫ్ నాగేంద్రబాబు నమ్మకం.

"టీ తాగుతావా మాలిక్?"

"రోజాలో ఉన్నాను సార్."

"అయ్యో, రంజాన్ కదూ. సరే, నేను తాగుతా." చీఫ్ తాగుతూనే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "డాక్టర్ వోస్. విదేశీ సర్జన్. మనుషుల్ని కోసి భాగాలు అమ్మే ముఠాకి నాయకుడు. ఇన్నాళ్లూ గుడ్డిగా కోసేవాడు. ఇప్పుడు శ్వాస వాడి చేతికి చిక్కింది. ఉచిత వైద్య శిబిరమని బోర్డు పెట్టి జనంచేత ఊదిస్తాడు. తాలు తీసేసి మంచి కాయలు ఏరినట్టు, పనికొచ్చే కిడ్నీలు ఏరుకుంటాడు."

"ఒకటి ఏరుకున్నాడా?"

చీఫ్ ఒక ఫోటో తోశాడు. నవ్వు మొహం, ఇరవై దాటిన కుర్రాడు.

"కరుణాకర్. కనిగిరి పక్క ఊరు. యార్డులో హమాలీ. నిన్నటి నుంచి లేడు. తండ్రీ, బాబాయీ కిడ్నీలు పోయి చచ్చారు. తల్లి రెబ్కా వీడికి ఆ ఊరి బోరు నీళ్లు ముట్టనివ్వలేదు. పక్క ఊరి నుంచి బిందెలతో మోసుకొచ్చి తాగించి పెంచింది. ఆ కిడ్నీలు అంత బాగుండబట్టే వీడు వోస్ కంట్లో పడ్డాడు."

మాలిక్ ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఏళ్లు బిందెలు మోసి ఆ తల్లి దాచుకున్నది వోస్ కత్తికి దొరికింది.

"వోస్ ఫోన్ విన్నాం. పొద్దు గుంకగానే ఆపరేషన్. తెల్లారేలోగా యంత్రంతో సహా దేశం దాటతాడు. ఎక్కడో తెలీదు. ల్యాబ్‌లో మన మనిషి ఉంది. సెన్సార్ ఇంజనీర్ గుల్షన్. మిర్చి యార్డుకొస్తుంది, హమాలీలా వెళ్లి కలువు."

"మన మనిషే కాబట్టి నమ్మొచ్చన్నమాట."

"మన మనిషి ఉండగా ప్రొఫెసర్ ఎలా చచ్చాడు? ముందు ఆమెనే అనుమానించు."

* * *

మిర్చి యార్డులో టిక్కీలు కొండల్లా పేర్చి ఉన్నాయి. టిక్కీ అంటే అక్కడ మిర్చి బస్తా. మాలిక్ తలకి తువ్వాలు, భుజాన హమాలీ కొక్కెంతో నిలబడ్డాడు. కొక్కెం పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది.

నల్ల కారు వచ్చి ఆగింది. ఆకుపచ్చ పట్టుచీరలో గుల్షన్ దిగింది. హమాలీలు మోత ఆపి చూశారు. మేస్త్రీ తిట్టడం మానేసి తనూ చూశాడు.

"కాయ ఎలా ఉంది?" అంది నల్లద్దాలు తీయకుండా.

"రంగుంది, ఘాటు లేదు."

"ఘాటు కావాలంటే?"

"గింజ కొరకాలి."

కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించింది. "వేటపాలెంలో ఒక జీడిపప్పు యూనిట్. యంత్రం డబ్బాల మధ్య ఉంది. కుర్రాడూ అక్కడే. వెంటనే బయల్దేరండి మాలిక్ గారూ."

"అలసిపోయినట్టున్నారు మేడమ్. సోడా తెప్పించనా?"

"రోజాలో ఉన్నాను."

"నేనూ అంతే," అని మాలిక్ కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. అదే చేత్తో మిరప గింజంత ట్రాకర్‌ని తలుపు కింద అంటించాడు.

వేటపాలెం పక్కకి పోవాల్సిన కారు ఏటుకూరు రోడ్డెక్కి, ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర ఆగినట్టు ట్రాకర్ చూపించింది. ట్రాన్స్‌మిటర్‌లో చీఫ్‌కి కబురు చెప్పి మాలిక్ ఆటో ఎక్కాడు.

* * *

"ఏరా, ఈ టైములో లోడేంటి?" అన్నాడు కాపలావాడు.

"మేస్త్రీ పంపాడన్నా," అని మాలిక్ వీపు మీది టిక్కీని వాడి మీదే దింపాడు. వాడు మళ్లీ లేవలేదు. మాలిక్ పై అంతస్తుకి పరిగెత్తాడు.

అక్కడ ఉక్కు తలుపు, దాని మధ్యలో గాజు గొట్టం, పైన చిన్న తెర. వోస్ శ్వాసనే తాళంగా బిగించాడు. తెలిసినవాళ్ల ఊపిరికే తెరుచుకుంటుంది. మాలిక్ లేజర్ కట్టర్ కోసం బొడ్లో చెయ్యి పెట్టి, ఆయాసంతో తలుపుకి ఆనుకున్నాడు. ఆ రొప్పు గొట్టంలోకి పోయింది.

'గుల్షన్. కిడ్నీ వ్యాధి, నాలుగో దశ. దయచేయండి.'

తలుపు తెరుచుకుంది.

మాలిక్ కొయ్యబారిపోయాడు. పోయిన నెలే డిపార్ట్‌మెంట్ డాక్టర్లు సీసాలకొద్దీ రక్తం తీసి, అతని కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయన్నారు. అతనికీ గుల్షన్‌కీ ఆ రోజు ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. తెల్లవారుజాము నుంచి ఇద్దరూ చుక్క నీళ్లు ముట్టలేదు. ఎండిన నోటి వాసనకీ, చెడిన కిడ్నీల వాసనకీ ఆ యంత్రానికి తేడా తెలీదు.

లోపల రెండు బల్లలు. ఒకదాని మీద కరుణాకర్‌ని కట్టేశారు. నోటికి ప్లాస్టర్, నడుం దగ్గర ఎర్ర మందు గీత. కళ్లు తెరిచే ఉన్నాయి. మత్తు ఇచ్చే ఖర్చు కూడా దండగనుకున్న వోస్ పక్కనే నిలబడి ఉన్నాడు. రెండో బల్ల మీద ఆపరేషన్ గౌనులో గుల్షన్ కూర్చుని ఉంది. పిస్టల్ మాలిక్ గుండెకి గురిపెట్టింది.

"కొక్కెం కింద పడెయ్," అంది. మాలిక్ పడేశాడు. "నన్ను తప్పుపట్టకు. పోయిన రంజాన్‌లో శ్వాస పూర్తయింది. ముందు నేనే ఊదాను. నాలుగో దశ అంది. ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చాను. వోస్ కిడ్నీ ఇస్తానన్నాడు, బదులు యంత్రం అడిగాడు. ప్రొఫెసర్ అడ్డమొచ్చాడు."

"మనిషిని చంపి రోజా ఉన్నావా?"

"అది వేరు, ఇది వేరు."

"షూట్ హిమ్," అన్నాడు వోస్, కత్తి తీసుకుంటూ.

దూరంగా మసీదులో పొద్దు గుంకే వేళ మగ్రిబ్ అజాన్ వినిపించింది. మాలిక్ నెమ్మదిగా తువ్వాలు విప్పాడు. అందులో ఖర్జూరం, వాటర్ ప్యాకెట్ ఉన్నాయి. "ఉపవాసం విడిచాక కాల్చు."

గుల్షన్ కాల్చలేదు. అంతవరకు ఆమెకి దేవుడంటే భయం ఉంది. మాలిక్ ఖర్జూరం నమిలాడు, నీళ్లతో నోరు పుక్కిలించి తాగాడు, వెనకే తెరిచి ఉన్న తలుపు గొట్టంలోకి ఊదాడు.

'ఎవరో తెలియదు. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నాయి.'

"ఇందాక ఇదే యంత్రం నన్ను గుల్షన్ అనుకుంది. నాలుగో దశ అని తలుపు తీసింది," అన్నాడు. "మిగిలిన నీళ్లు నువ్వు తాగు."

ఆమె బల్ల దిగి వచ్చి ప్యాకెట్ లాక్కుంది. సగం గౌను మీద ఒలికింది. తాగి, ఊదింది.

'ఎవరో తెలియదు. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నాయి.'

"రోగుల శాంపిల్స్ పరగడుపున తీశాం," అని గొణిగింది. "మంచివాళ్ల శాంపిల్స్... క్యాంటీన్ బయట తీశాం. టిఫిన్ తిని వస్తుంటే. అది నేర్చుకున్నది జబ్బు కాదు, ఆకలి."

"నీ రక్తం ఎవరు పరీక్షించారు?"

గుల్షన్ వోస్ వైపు తిరిగింది.

"గోడ దగ్గర ఐస్ పెట్టెలు లెక్కపెట్టు," అన్నాడు మాలిక్. "నాలుగున్నాయి. ఈ కుర్రాడి కిడ్నీ తీసి నీకు పెట్టడానికి ఐస్ ఎందుకు? ఇక్కడ రెండు బల్లలూ డోనర్లకే."

వోస్ భుజాలు ఎగరేశాడు. "షి నెవర్ ఆస్క్డ్ ఫర్ ఎ సెకండ్ ఒపీనియన్," అంటూ కత్తిని కరుణాకర్ గొంతు మీద పెట్టాడు. "దారి వదలండి!" సన్నగా రక్తం కారింది.

మాలిక్ కాలితో కొక్కెం ఎగరేసి అందుకుని విసిరాడు. అది వోస్ మణికట్టులో దిగి, కత్తిని వెనక్కి లాగేసింది. మరుక్షణం గుల్షన్ పిస్టల్ పేలింది. వోస్ ఐస్ పెట్టెల మీద పడ్డాడు. తూటాలు అయిపోయేదాకా ఆమె కాలుస్తూనే ఉంది.

మాలిక్ కరుణాకర్ నోటి ప్లాస్టర్ ఊడదీశాడు.

"అన్నా, మా అమ్మకి ఫోన్ చెయ్యి. నా కోసం నీళ్లు మోస్తా ఉంటది," అని వాడు భోరుమన్నాడు.

కింద జీపుల చప్పుడైంది. గుల్షన్ ఖాళీ పిస్టల్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ప్రొఫెసర్‌ని ఊరికే చంపాను. నాకెందుకు చెప్పావు? చెప్పకుండా కాల్చేస్తే హాయిగా పోయేదాన్ని."

"అందుకే చెప్పాను," అన్నాడు మాలిక్.

* * *

కేసు నడిచింది, యావజ్జీవం పడింది. జైల్లో చేర్చుకునేముందు గుల్షన్‌కి సూదితో రక్తం తీసి మరీ పరీక్షించారు. ఆ రిపోర్టును చీఫ్ టీ తాగుతూ మాలిక్‌కి చదివి వినిపించాడు.

"కిడ్నీలతో సహా అవయవాలన్నీ సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాయి. శిక్ష మొత్తం అనుభవించడానికి ఏ ఇబ్బందీ లేదు."