రెండో పూత

పొద్దున్న టీ గ్లాసు పక్కకి నెట్టేసింది ఇల్లాలు. "అమ్మాయి వస్తేనే ఆసుపత్రికి. లేకపోతే ఈ మంచం మీదే పోతాను."

"రేపే కదే ఆపరేషన్. ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదన్నాడు డాక్టరు."

"అయితే నేనేం చెయ్యను? దాని మనసు విరిచింది ఎవరు?"

మేస్త్రి మునిసిపల్ ఆఫీసు కింద ముప్పై ఏళ్ళుగా ఊరి గోడలకి సున్నం కొడుతున్నవాడు. కూతురు ఇల్లు వదిలి ఆరు నెలలైంది. ఫోనెత్తదు. వీధిగోడల మీది బొమ్మలు చూపిస్తూ జనాన్ని నడిపించే గైడు ఒకావిడ ఉందనీ, ఆ నడకలో చివరి గోడ దగ్గర అమ్మాయి బొమ్మ వేస్తూ కనబడుతోందనీ ఎవరో చెప్పారు. ఆ గోడ ఎక్కడో మాత్రం వాళ్ళకి గుర్తులేదు. టిక్కెట్టు కొనుక్కుని గుంపులో నిలబడ్డాడు.

"తాతగారూ, బొమ్మలంటే ఇష్టమా?" అంది గైడు.

"గోడలంటే అలవాటమ్మా. ఆ చివరిది ముందు చూపించవూ?"

"వరసలో రావాలండీ. తొందరేముంది?"

మూడో మలుపులో తెల్లటి గోడ. "ఇక్కడో తల్లి బొమ్మ ఉండేది. ఎవరో మహానుభావుడు సున్నం కొట్టేశాడు. పనిమంతుడే పాపం, గోరంత రంగు కూడా మిగల్చలేదు." అందరూ నవ్వారు. మేస్త్రి తల దించుకున్నాడు.

చివరి గోడకి వేసిన నిచ్చెన మీద కూతురు. తండ్రిని చూసి, మళ్ళీ గోడకేసి తిరిగింది.

"అమ్మకి బాలేదే. రేపు ఆపరేషన్. నువ్వొస్తేగానీ కదలనంటోంది."

కుంచె ఆగింది. ఆమె మాత్రం దిగలేదు. "నేనేసిన బొమ్మ మీద ఆఫీసువాళ్ళు ఒక్క పూతే చెప్పారు నాన్నా. ఎదురుగా నిలబడి విన్నాను. రెండోది ఎవరు వెయ్యమన్నారు?"

గైడు మెల్లగా గుంపుని అవతలికి తీసుకుపోయింది.

మేస్త్రి నిచ్చెన కాలు పట్టుకుని కూలబడ్డాడు. "మొదటిది ఉద్యోగం పోతుందని వేశాను. ఆ పూతకి బొమ్మ పోలేదమ్మా. సున్నంలోంచి మీ అమ్మ నన్నే చూస్తోంది. ఆ చూపు భరించలేక రెండోది వేశాను. నీ మీద కోపంతో కాదు. తిట్టు. ఇంటికొచ్చి ఎంతసేపైనా తిట్టు."

ఆమె పైనే నిలబడి కళ్ళు తుడుచుకుంది.

"అంత బాగా పోలిందా?"

"పోలికేంటే. నన్ను మందలిస్తున్నట్టే ఉంది."

ఏడుస్తూనే దిగింది. కుంచె డబ్బాలో పడేసింది. పని ఆపాక కుంచె కడక్కుండా వదిలెయ్యడం మేస్త్రి ఎరగడు. వంగి దాన్ని అందుకోబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎండిపోతే ఎండిపోనీ నాన్నా. పద."